మా ఖాతా లెక్క మమ్మల్ని చదువుకోనివ్వండి: సెబీ ఛైర్మన్‌కు అనకాపల్లి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులు శ్రీ తుహిన్ కాంత పాండే గారికి,
ఛైర్మన్, సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ బోర్డ్ ఆఫ్ ఇండియా, ముంబయి.



2025 ఫిబ్రవరి 4న, మీరు సెబీ బాధ్యతలు స్వీకరించడానికి కొద్ది వారాల ముందు, చిన్న మదుపరులు ప్రోగ్రాంతో చేసే ఆల్గో ట్రేడింగ్ మీద ఒక సర్క్యులర్ వచ్చింది. ఎవరు పడితే వారు ఏపీఐ (బ్రోకరు వ్యవస్థతో ప్రోగ్రాం మాట్లాడే దారి) ద్వారా చొరబడకుండా ఒక్కో ఖాతాదారుకూ విడిగా కీ, ముందే నమోదు చేసుకున్న స్థిర ఐపీ చిరునామా, ఓఆథ్ పద్ధతిలో లాగిన్, రెండంచెల ధ్రువీకరణ ఉండాలని అందులో చెప్పారు. ప్రోగ్రామింగ్ తెలిసిన మదుపరి తాను రాసుకున్న ఆల్గోను తనకూ, జీవిత భాగస్వామికీ, తన మీద ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ వాడుకోవచ్చనీ ఉంది. ఆ వాక్యం చదివి నేను నిజంగా సంతోషించాను. పెద్ద సంస్థలతో పాటు, ఇంట్లో కూర్చుని నాలుగు వరుసల పైథాన్ రాసుకునే మనిషి కూడా ఈ మార్కెట్లో ఉన్నాడని నియంత్రణ సంస్థ కాగితం మీద ఒప్పుకుంది.

అయితే ఆ సర్క్యులర్ దృష్టి అంతా కొనేవాడి మీద, అమ్మేవాడి మీద ఉంది. ఏమీ కొనకుండా, ఏమీ అమ్మకుండా, తన ఖాతాలో ఇంతవరకు ఏం జరిగిందో లెక్క చూసుకుందామనుకునేవాడి సంగతి అందులో లేదు. ఆ మనిషి తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అనకాపల్లిలో డిగ్రీ పిల్లలకు పైథాన్ చెప్తాను. జూన్, జూలై వచ్చాయంటే సాయంత్రం పూట పని మారిపోతుంది. షేర్లున్న బంధువులు, తోటి మాస్టార్లు, రిటైరైన ఉద్యోగులు పన్ను లెక్కల కోసం కాగితాలూ ఫోన్లూ పట్టుకుని వస్తారు. బెల్లం వ్యాపారానికి పేరుపడ్డ ఊరు మాది. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా. నాలుగు డబ్బులు మిగిలితే బంగారం, లేకపోతే స్థలం, అదీ కాకపోతే చీటీ అనుకునే ఊళ్లో ఇప్పుడు నెహ్రూ చౌక్ టీకొట్ల దగ్గర నిఫ్టీ మాట వినపడుతోంది. షేరు కొనడం ఇప్పుడు చాలా సులువు. కొన్నదాని లెక్క తేల్చుకోవడం మాత్రం అంత సులువు కాలేదు.

ఖాతాను ప్రోగ్రాంతో చూసుకోవడానికి బ్రోకర్లిచ్చే ప్యాకేజీలకు కొదవ లేదు. జెరోధా వారి కైట్ కనెక్ట్, ఏంజెల్ వన్ వారి స్మార్ట్ ఏపీఐ, అప్‌స్టాక్స్, ఫయర్స్, ధన్... అందరూ పైథాన్ ప్యాకేజీలు ఇస్తున్నారు. సొంత ఖాతాకు వాడుకునేవారికి జెరోధా 2025లో ఏపీఐని ఉచితం చేసింది. అది మెచ్చుకోదగ్గ పని. ప్యాకేజీ ఎక్కించుకుని, లాగిన్ అయి, హోల్డింగ్స్ అన్న ఫంక్షన్ నడిపితే క్షణంలో ఖాతా మొత్తం వరుసలు వరుసలుగా తెర మీదికి వస్తుంది. స్టేట్ బ్యాంక్ షేరునే తీసుకోండి. షేరును గుర్తించే ఐఎస్ఐఎన్ నంబరు ఐఎన్ఈ062ఏ01020, ఖాతాలో ఉన్నవి ఇన్ని, కొన్నా ఇంకా ఖాతాలో పడనివి ఇన్ని, పూచీగా పెట్టినవి ఇన్ని, సగటు కొనుగోలు ధర ఇంత, ఇప్పటి ధర ఇంత, లాభనష్టం ఇంత. మొదటిసారి చూసిన విద్యార్థి ముఖం వెలిగిపోతుంది. తరగతి గదిలో నేర్చుకున్న లిస్టులూ డిక్షనరీలూ తన ఇంటి డబ్బుకు పనికొస్తాయని వాడికి అప్పుడే తెలుస్తుంది.

ఆ వరుసలో తేదీ ఉండదు. ఏ షేరు ఏ రోజు కొన్నదీ అందులో రాదు.

పన్ను లెక్క మొత్తం ఆ తేదీ మీదే నడుస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కొని ఏడాది లోపు అమ్మితే 20 శాతం. ఏడాది దాటితే, లక్షా పాతిక వేలు మినహాయించి, మిగతా లాభం మీద 12.5 శాతం. 2024 జూలై 23 నుంచి ఇవీ రేట్లు. 2018 జనవరి 31 వరకు కొన్నవైతే లెక్క ఇంకో రకం. డీమ్యాట్ ఖాతాలో ముందు వచ్చిన షేరే ముందు అమ్ముడుపోయినట్టు చట్టం లెక్కిస్తుంది గనక సగటు ధర పన్నుకు ఎందుకూ పనికిరాదు. పోనీ ట్రేడ్స్ అన్న ఫంక్షన్ ఉంది కదా అంటే, కైట్ కనెక్ట్‌లో అది ఆ రోజు లావాదేవీలే చూపిస్తుంది. తెల్లవారితే ఖాళీ. పాతవి కావాలంటే వెబ్‌సైటులోకి వెళ్లి, తేదీలు ఎంచుకుని, ఫైలు దించుకోవాలి. ఒక బ్రోకరు ఫైల్లో రోజు ముందు, నెల తర్వాత. ఇంకొకరి ఫైల్లో నెల ముందు, రోజు తర్వాత. ఏప్రిల్ 5న కొన్న షేరు మే 4న కొన్నట్టు కంప్యూటర్ చదువుకుందంటే తప్పు ఎవరిదనాలి?

నా దగ్గరికి వచ్చేవారిలో రిటైరైన హెడ్మాస్టారు ఒకరున్నారు. చాలా ఏళ్ల కిందట ఒక బ్రోకరు దగ్గర కొన్న షేర్లను ఇంకో బ్రోకరు ఖాతాకు మార్చుకున్నారు. షేర్లు భద్రంగా వచ్చాయి. వాటి కొనుగోలు తేదీ, ధర రాలేదు. మధ్యలో బోనస్ షేర్లు పడ్డాయి, ఒక షేరు ముక్కలై అయిదయింది. ఇప్పుడు తెర మీద కనపడే సగటు ధరకు అర్థమే లేదు. మాస్టారు అలవాటుగా రూళ్ల పుస్తకంలో ప్రతి కొనుగోలూ రాసుకున్నారు కాబట్టి ఆ పుస్తకం పెట్టుకుని లెక్క తేల్చాం. పుస్తకం రాసుకోని వారి గతి ఏమిటి? భర్త పోయాక ఆయన షేర్లు తన పేరు మీదికి వచ్చిన ఆడమనిషికి, ఆయన ఎప్పుడు ఎంతకు కొన్నాడో ఎవరు చెప్తారు? ఆ వివరాలు ఎక్కడో ఒక సర్వర్లో ఉన్నాయి. ప్రతి లావాదేవీకీ కాంట్రాక్ట్ నోట్ ఇచ్చారు, డిపాజిటరీలో జమ అయింది, లెడ్జర్లో ఎక్కింది. చెరిగిపోలేదు. ఆమె చేతికి అందే రూపంలో లేవు, అంతే.

కుర్రాళ్ల సంగతి ఇంతకంటే నన్ను బాధపెడుతుంది. 2024 సెప్టెంబరులో మీ సంస్థే వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం లక్షా 80 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆ లక్షల మందిలో మా డిగ్రీ పిల్లల్లాంటి వాళ్లూ ఉన్నారు. వాళ్లు చూసే తెర మీద లాభనష్టం చాలాసార్లు ఖర్చులు తీయక ముందు లెక్క. బ్రోకరేజీ, సెక్యూరిటీల లావాదేవీ పన్ను, ఎక్స్ఛేంజీ చార్జీ, సెబీ ఫీజు, స్టాంపు డ్యూటీ, వీటిలో కొన్నిటి మీద జీఎస్టీ... ఇవన్నీ కాంట్రాక్ట్ నోట్లో ఉంటాయి. ఆ నోట్ పాన్ నంబరు కొడితే తెరుచుకునే పీడీఎఫ్‌గా మెయిల్లో వస్తుంది. రోజూ వస్తుంది కాబట్టి ఎవరూ తెరవరు. ఒకసారి తరగతిలో ఇష్టమున్న పిల్లలను తమ నోట్లు తామే ప్రోగ్రాంతో కూడుకోమన్నాను. పీడీఎఫ్‌లో గడులు విడదీయడానికే సమయమంతా సరిపోయింది. పట్టు వదలకుండా చివరిదాకా చేసిన ఒక అబ్బాయి, తెర మీద లాభం కనపడ్డ నెలల్లో కూడా ఖర్చులు పోను తనకు మిగిలిందేమీ లేదని కాగితం మీద చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆప్షన్స్ జోలికి పోలేదని చెప్పాడు. హెచ్చరిక బోర్డులు వాడు చాలానే చూశాడు. వాడిని ఆపింది సొంత ఖాతా లెక్క.

ఇక కీ సంగతి. ఇదే ఈ ఉత్తరానికి ముఖ్యమైన మాట.

ఖాతా చదువుకోవడానికి మామూలుగా ఇచ్చే ఏపీఐ కీ, టోకెన్లతోనే ఆర్డర్లు కూడా పెట్టొచ్చు. నెలాఖరు రిపోర్టు కోసం రాసుకున్న చిన్న ప్రోగ్రాం చేతిలో ఖాతాలోని షేర్లన్నీ అమ్మేసే అధికారం ఉంటుంది. "మీ కీ ఇవ్వండి సార్, రిపోర్టు చేసి పెడతాం" అంటూ టెలిగ్రాంలో తిరిగేవాళ్లకు ఆ కీ అప్పజెప్పిన మనిషి, తనకు తెలియకుండానే ఖాతా తలుపులు బార్లా తీసినట్టే. పైగా టోకెన్‌కు రోజూ కాలం తీరిపోతుంది. కైట్‌లో అయితే మర్నాడు ఉదయం 6 గంటలకు. ఆర్డర్ల భద్రత కోసం ఆ నిబంధన సబబే. కానీ రాత్రి తనంతట తాను నడిచి లెక్క రాసిపెట్టే ప్రోగ్రాం కావాలంటే రోజూ మనిషి లాగిన్ కావాలి. అందుకని జనం ఏం చేస్తున్నారు? ఫోన్లో ఆరంకెలు పుట్టించే రహస్య సంకేతాన్ని తీసి, పాస్‌వర్డు పక్కనే, అదే ప్రోగ్రాం ఫైల్లో రాసేస్తున్నారు. పైఓటీపీ అనే ప్యాకేజీ ఆ అంకెలను ప్రోగ్రాంలోనే పుట్టిస్తుంది. రెండంచెల ధ్రువీకరణ అలా ఒక అంచెకు దిగిపోయింది. ఒక నియమాన్ని ఇంతమంది పక్కదారిన దాటిపోతున్నారంటే, న్యాయమైన ఒక అవసరానికి రాజమార్గం లేదని అర్థం చేసుకోవాలి.

విడదీయడం సాధ్యం కాదా అంటే, ఎప్పుడో సాధ్యమైంది. ఇంటరాక్టివ్ బ్రోకర్స్ అనే అమెరికన్ సంస్థలో ఫ్లెక్స్ వెబ్ సర్వీస్ ఉంది. ఖాతాదారు తనకు కావలసిన వివరాలను, కొనుగోళ్లు, అమ్మకాలు, డివిడెండ్లు, చార్జీలు, తేదీలతో సహా ఒకసారి ఎంచి పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఒక టోకెన్ చూపిస్తే ఎక్స్‌ఎంఎల్ ఫైలు వచ్చేస్తుంది. ఆ టోకెన్‌తో ఒక్క షేరు కూడా అమ్మలేరు. ఆ ఫైలును చదివే ఐబీఫ్లెక్స్ అనే పైథాన్ ప్యాకేజీని ఉచితంగా పంచుతున్నారు. అంత దూరం ఎందుకు, మన దగ్గరే అప్‌స్టాక్స్ కొన్ని అప్లికేషన్లకు చదవడానికి పనికొచ్చే దీర్ఘకాలిక టోకెన్ ఇస్తోంది. కృత్రిమ మేధ సహాయకులకు ఖాతా చూపించే ఏర్పాటును జెరోధా 2025లో తెచ్చినప్పుడు, తాను నడిపే సర్వర్లో ఆర్డర్లు పెట్టే పనిని పక్కన పెట్టింది. అంటే చేతకాక కాదు. ఒక సంస్థ ఇస్తే ఉంటుంది, ఇవ్వకపోతే లేదు. ఖాతాదారుకు అది హక్కుగా రాలేదు.

ఈ హక్కు ఎందుకంత అవసరమో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2019 నవంబరు 22న హైదరాబాద్ సంస్థ కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద సెబీ ఇచ్చిన ఉత్తర్వు మా ఇళ్లలో చాలామందికి ఇంకా గుర్తుంది. ఖాతాదారులు నమ్మి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని వాళ్ల షేర్లను తన పేరున్న డీమ్యాట్ ఖాతాకు మళ్లించి, బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టింది. ఆ డీమ్యాట్ ఖాతా సంగతి ఎక్స్ఛేంజీలకు ఇచ్చిన వివరాల్లో లేదు. డిసెంబరులో 82,559 మందికి షేర్లు వెనక్కి వచ్చాయి. మిగిలినవాళ్లు చాలాకాలం తిరిగారు. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ కార్వీని వెలివేసింది. 2023 ఏప్రిల్లో సెబీ ఆ సంస్థనూ దాని వ్యవస్థాపకుణ్నీ ఏడేళ్లు మార్కెట్‌కు దూరం పెట్టింది. కార్వీ వ్యవహారం బయటపడ్డాక పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో పరిమితమైన డీడీపీఐ పత్రం తెచ్చారు, ఎక్స్ఛేంజీల నుంచి బ్యాలెన్సు ఎస్ఎంఎస్‌లు వస్తున్నాయి. మంచి మార్పులే.

మా బెల్లం మార్కెట్లో రైతు దిమ్మలు కాటాకెక్కేటప్పుడు పక్కనే నిలబడతాడు. వర్తకుడి పద్దు వర్తకుడిది, రైతు రాసుకునే లెక్క రైతుది. రెండూ పోల్చుకున్నాకే డబ్బు చేతులు మారుతుంది. వర్తకుడు దొంగ అని కాదు, లెక్క రెండు చోట్ల ఉండాలని. షేర్లలోనూ ఆ రెండో లెక్క ఉంది, డిపాజిటరీ దగ్గర. బ్రోకరు చూపించే వరుసలోని ఐఎస్ఐఎన్, డిపాజిటరీలైన సీడీఎస్ఎల్ లేదా ఎన్ఎస్‌డీఎల్ చూపించే వరుసలోని ఐఎస్ఐఎన్ ఒకటే. రెండూ యంత్రం చదవగలిగే రూపంలో వస్తే, పది వరుసల ప్రోగ్రాం ప్రతి రాత్రీ పోల్చి, తేడా ఉంటే మర్నాడు పొద్దున్నే చెప్పేస్తుంది. అలాంటి ప్రోగ్రాం ఉంటే కార్వీ వ్యవహారం జరిగేదే కాదని నేను అనను. వేలమంది ఖాతాదారుల్లో కొందరికైనా నెలల ముందే అనుమానం వచ్చి ఉండేదని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు డిపాజిటరీ నుంచి మాకు వచ్చేది కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్. అదీ తాళం వేసిన పీడీఎఫే. మ్యూచువల్ ఫండ్ల స్టేట్‌మెంట్లను విప్పి వరుసలుగా మార్చడానికి ఔత్సాహికులు కాస్‌పార్సర్ అనే పైథాన్ ప్యాకేజీ రాశారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆలోచించండి: కంప్యూటర్లో వరుసలుగా ఉన్న లెక్కను సంస్థ బొమ్మలాంటి కాగితంగా మార్చి పంపితే, దాన్ని మళ్లీ వరుసలుగా మార్చడానికి వేరే వాళ్లు తమ సెలవు రోజులు ధారపోస్తున్నారు. స్టేట్‌మెంట్ రూపు కాస్త మారిందంటే ప్రోగ్రాం ఆగిపోతుంది. డిజీలాకర్‌లోకి డీమ్యాట్ హోల్డింగ్స్ తెచ్చుకునే వీలు 2025లో కల్పించారు. వారసులకు అది ఎంతో మేలు. ఎంత ఉందో అది చెప్తుంది. ఎలా వచ్చిందో చెప్పదు.

అకౌంట్ అగ్రిగేటర్ ఉంది కదా అని మీ అధికారులు అనవచ్చు. రిజర్వ్ బ్యాంకు 2016లో నియమాలు రాసింది, 2021 సెప్టెంబరులో బ్యాంకులతో మొదలైంది, 2022 ఆగస్టు సర్క్యులర్‌తో సెబీ డిపాజిటరీలనూ మ్యూచువల్ ఫండ్లనూ అందులో చేర్చింది. అనుమతి మనది, మధ్యలో ఉన్న అగ్రిగేటర్‌కు డేటా కనపడదు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇంత చక్కటి ఏర్పాటు చాలా దేశాల్లో లేదు. కాని అందులో నా డేటా చేరేది నియంత్రణ సంస్థల కింద నమోదైన కంపెనీలకే. అప్పు ఇచ్చేవాడు నా ఖాతా చూడొచ్చు, సలహా అమ్మేవాడు చూడొచ్చు. నా కంప్యూటర్‌కు మాత్రం పంపించుకోలేను. యజమాని తప్ప అందరూ చదవగలిగే పద్దు ఇది! ఐరోపాలో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ 20వ అధికరణం, మనిషి తన డేటాను యంత్రం చదివే రూపంలో తీసుకునే హక్కు ఇచ్చింది. మన 2019 వ్యక్తిగత డేటా బిల్లులోనూ ఆ హక్కు ఉంది. 2023 చట్టం వచ్చేసరికి కనపడలేదు. పార్లమెంటు మళ్లీ తెచ్చేదాకా ఆగనక్కర్లేదు. షేర్ల వరకు మీ సర్క్యులర్ ఒకటి చాలు.

చదివే కీ కూడా దొంగల చేతిలో పడొచ్చు కదా అన్నది నిజమైన భయమే. ఎవరి దగ్గర ఎంత ఉందో తెలిస్తే మోసగాళ్లు ఫోన్లు చేసి బెదిరిస్తారు. డిజిటల్ అరెస్టు పేరుతో పెద్దవాళ్లు ఎలా మోసపోయారో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అందుకే ఆ కీ ఖాతాదారు పేరు మీదే ఉండాలి, గడువు ఉండాలి, వాడిన ప్రతిసారీ ఎప్పుడు ఎక్కణ్నుంచి చదివారో ఖాతాలో కనపడాలి, ఒక్క నొక్కుతో రద్దవ్వాలి. ఇన్ని జాగ్రత్తలున్నా కొంత ప్రమాదం మిగులుతుంది. ఆర్డర్లు పెట్టే కీనీ పాస్‌వర్డునూ ఒకే ఫైల్లో పెట్టుకుని తిరుగుతున్న నేటి ప్రమాదంతో పోలిస్తే అది చాలా చిన్నది.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. ఏపీఐ ఇచ్చే ప్రతి బ్రోకరూ, ఆర్డర్ల అధికారం లేని, చదవడానికి మాత్రమే పనికొచ్చే కీని ప్రతి ఖాతాదారుకూ రుసుం లేకుండా ఇవ్వాలని ఆదేశించండి. దానికి స్థిర ఐపీ నిబంధన వద్దు. మా ఊళ్లో ఇళ్లకు వచ్చే ఇంటర్నెట్‌లో చిరునామా మారుతూ ఉంటుంది, స్థిరంగా కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. ఖాతా తెరిచిన రోజు నుంచి జరిగిన ప్రతి లావాదేవీ, దాని తేదీ, ధర, ఒక్కో చార్జీ, లెడ్జర్ అందులో రావాలి. బోనస్, షేరు విభజన, బదిలీ జరిగినప్పుడు అసలు కొనుగోలు తేదీ వెంట రావాలి. గడుల పేర్లు, తేదీ రాసే పద్ధతి దేశమంతటికీ ఒక్కటే ఉండాలి. ఆ పని ఎక్స్ఛేంజీలూ డిపాజిటరీలూ కూర్చుంటే అయిపోతుంది. డిపాజిటరీలు కూడా ఇదే రూపంలో ఇవ్వాలి, లేకపోతే పోల్చుకోవడానికి రెండో లెక్క ఉండదు. బ్రోకరు మూతపడినా, వెలికి గురైనా, ఆ రికార్డు ఖాతాదారుకు అందాలి. కార్వీ ఖాతాదారులు పాత లెక్కల కోసం పడ్డ తిప్పలు ఇంకెవరూ పడకూడదు. అకౌంట్ అగ్రిగేటర్‌లో డేటా అందుకునేవారి వరుసలో ఖాతాదారునే చేర్చే విషయం రిజర్వ్ బ్యాంకుతో మాట్లాడండి.

ప్రోగ్రాం రాయడం ఎంతమందికి వచ్చు అని ఎవరైనా అడగవచ్చు. హెడ్మాస్టారికి రాదు. ఆయన మనవరాలికి వచ్చు. ఊరికి ఇద్దరు ముగ్గురు రాసినా, దాన్ని వీధి మొత్తం వాడుకుంటుంది. పన్ను లెక్కలు చూసే ఆడిటర్లు వాడుకుంటారు. తెలుగులో లెక్క చూపించే చిన్న అప్లికేషన్లు వాటంతట అవే పుడతాయి.

ఇలాంటి మార్పులకు ముందు సంప్రదింపుల పత్రం వెలువరించి ప్రజల అభిప్రాయం అడగడం సెబీ పద్ధతి. ఆ పత్రంతో పాటు, ఊహాజనితమైన ఒక ఖాతా నమూనా ఫైలు కూడా పెట్టండి. అందులో ఒక బోనస్, ఒక విభజన, ఒక బ్రోకరు నుంచి ఇంకో బ్రోకరుకు బదిలీ తప్పకుండా ఉండాలి. మా పిల్లలు దాన్ని విప్పి, తేదీ ఎక్కడ జారిపోయిందో, చార్జీ ఎక్కడ కలవలేదో వరుస నంబరుతో సహా మీకు రాసి పంపుతారు.

ఇట్లు,
పైథాన్ చెప్పే మాస్టారు,
అనకాపల్లి.